విప్పని పొట్లం

నాలుగింటికి ఆపరేషన్ థియేటర్ ఖాళీ అవుతుందట, అంతలోపల ఏదో ఒకటి చెప్పాలట, ఆ డాక్టరమ్మ నా చేతిలో కాగితం పెట్టి పోయి పది నిమిషాలైంది, గోడ మీద గడియారం మూడూ పది చూపిస్తోంది, అంటే ఇంక యాభై నిమిషాలు. యాభై నిమిషాలంటే ఒక క్లాసు. ఇరవై ఏడేళ్ళుగా కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నదాన్ని, యాభై నిమిషాల్లో ఏమేం అవుతుందో నాకు బాగా తెలుసు, హాజరుకు ఐదు, బోర్డు తుడవడానికి రెండు, మిగతాదంతా పాఠం. ఈ పూట పాఠమే రావడం లేదు. కాగితం మీద మా ఆయన పేరుంది, బాలాజీ, వయసు అరవై మూడు, కింద ఒక గీత, గీత కింద సంతకం చేసేవారి పేరు, రోగికి ఏమవుతారు. సంతకం పెడితే తల తెరిచి లోపల గడ్డకట్టిన రక్తం తీస్తారు. బతకొచ్చు. బతికితే కుడి చెయ్యి రాదు, కుడి కాలు రాదు, మాట రాదు, అన్నీ మంచం మీదే. పెట్టకపోతే రేపు పొద్దుటిదాకా ఉంటే గొప్ప. ఆ పిల్లకు ముప్పై కూడా ఉండవు, మెడలో గొట్టం సర్దుకుంటూ మెల్లగా చెప్పింది, "ఆయన మనసు మీకే కదమ్మా తెలిసేది, ఇట్లాంటిది వస్తే ఏం చేయమనేవారో ఎప్పుడైనా అని ఉంటే అది కూడా తలచుకోండి" అని. నేను తల ఊపాను. ఆయన మనసు నాకు తెలియని రోజు నా కాపురంలో ఒక్కటి కూడా లేదు, దాచుకునే మనిషి అయితే కదా.

పక్క కుర్చీలో గుణశేఖర్ మామ ఉన్నాడు. మా అమ్మ శకుంతలమ్మకు కడగొట్టు తమ్ముడు, నాకంటే ఏడేళ్ళు పెద్ద. పొద్దున నేను ఫోను పెట్టేసిన మూడో గంటకల్లా నగరి బస్సు దిగి తిరుపతిలో ఈ ఆసుపత్రికి వచ్చేశాడు, చేతిలో పులిహోర డబ్బా, భుజం మీద తను నేసిన తువ్వాలే. నలభై ఏళ్ళు మరమగ్గాల మధ్య బతికినవాడు, చెవులు సగం పోయాయి, మెల్లగా మాట్లాడడం ఆయన వల్ల కాదు, "పాపా, రెండు ముద్దలు తిను" అంటే హాలంతా తిరిగి చూసింది. నాకు యాభై మూడు, ఆయనకు ఇంకా పాపనే. ఎదురు వరుసలో కొండకు వచ్చినవాళ్ళెవరో, ముగ్గురికీ గుండ్లు, గంధం ఎండి పొరలు పొరలుగా రాలుతోంది, వాళ్ళ ముసలాయన లోపలున్నాడు. కింద చాప మీద సత్యవేడు నుంచి వచ్చిన తాయమ్మ, కొడుకు బండి మీది నుంచి పడ్డాడట, మూడు రోజులుగా ఈ చాపే ఆమెకు ఇల్లు. నా చేతిలో కాగితం చూసి అడక్కముందే తీర్పు చెప్పేసింది, "పెట్టెయ్ మ్మా సంతకం, మొగుడు కళ్ళ ముందర ఉంటే సాలు, మంచంలో ఉన్యా మొగుడు మొగుడే." నేను నవ్వాను. ఇలాంటి చోట నవ్వొచ్చా అని తర్వాత అనిపించింది, కానీ అప్పటికే నవ్వేశాను.

పొద్దున ఈయన ఇడ్లీ పళ్ళెం ఒక వేలితో పక్కకు తోశాడు. చట్నీలో ఉప్పు తక్కువ. నోటితో చెప్పడు, వేలితో తోస్తాడు, ముప్పై ఒక్కేళ్ళుగా నేను ఆ వేలును చదువుతున్నాను, దానంత కష్టమైన పుస్తకం ఏ సిలబస్‌లోనూ పెట్టలేదు. తోసి, లేవబోయి, కుర్చీతో సహా పక్కకు ఒరిగిపోయాడు. అప్పటికి పంతొమ్మిది రోజులుగా మాటల్లేవు. ఆయన చివరిగా నాతో అన్న మాట "గేటు వెయ్యి". ఎందుకు మానేశాడో ఈసారి నేను కనుక్కోలేదు కూడా. ఒకసారి ఎనిమిది నెలలు మాట్లాడలేదు, మా అమ్మ చనిపోయినప్పుడు నగరిలో రెండు రోజులు ఎక్కువ ఉన్నందుకు. ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఇద్దరం, చిత్తూరులో ఆ మేడ మీద, వంటింట్లో గిన్నె కింద పడితే ఆ చప్పుడుకు కూడా నాకు ప్రాణం లేచొచ్చేది. కొట్టలేదు. ఏనాడూ చెయ్యెత్తలేదు. తాగడు, ఇంకో ఇల్లు లేదు. ఎవరికైనా చెప్పుకుందామంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అని మా అమ్మ అనేది, నేను చించుకున్నా పడడానికి ఏమీ ఉండేది కాదు. పిల్లలు లేరు. ఎందుకు లేరో పరీక్ష చేయించుకుందామంటే నన్ను మాత్రం పంపాడు, నాలో ఏమీ లేదని కాగితం వచ్చింది, ఆ కాగితం మడిచి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. అడిగినవాళ్ళతో మాత్రం, "మాకు ఆ భాగ్యం లేదు" అన్నాడు, నా వంక చూడకుండా. నా మీద నెట్టనూ లేదు, తన మీద వేసుకోనూ లేదు. అబద్ధం మాత్రం చెప్పలేదు.

అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. పెళ్ళైన మూడో రోజు, తిరుపతిలో వాళ్ళ ఇంట్లో, కిటికీలోంచి కొండ మీది దీపాలు కనబడే గదిలో, చొక్కా గుండీలు విప్పుకుంటూ చెప్పాడు, "నాకు నువ్వు నచ్చలా. మా నాయన మాటిచ్చినాడని తాళి కట్టినా. ముందే చెప్తాండా, తర్వాత ఏడ్సొద్దు." అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, బి.ఏ. పరీక్షలు రాసి ఒక నెల. నా పెట్టెలో ఇంకా పరీక్షకు చదివిన ఇంగ్లీషు నవల ఉంది, అట్ట ఊడిపోయింది, మార్జిన్ల నిండా పెన్సిల్ గీతలు. ఆ మాట విని నేను ఏడవలేదు. ఆ నవల్లో ఇరవై ఒకటో అధ్యాయం, కట్టుకున్నవాడు కాదన్న రాత్రి ఆ అమ్మాయి తనను కోరుకున్న ఇంకొకణ్ణి తలచుకునేది, గుర్తు తెచ్చుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

నూట యాభై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నవల. నేను చదువుకున్నదీ అదే, తర్వాత ఇన్నేళ్ళూ చెబుతున్నదీ అదే, సిలబస్ మూడుసార్లు మార్చారు, దాన్ని మాత్రం కదిలించలేదు. అందులోని పేర్లు మా కాలేజీ పిల్లల నోళ్ళలో తిరగవని మొదటివాడు, రెండోవాడు అని చెబుతాను. ఒక ఊళ్ళో ఒక అమ్మాయి, ఆమెకు ఇద్దరు. మొదటివాడు గుర్రబ్బండిలో వస్తాడు, చేతి తొడుగులు, మాటకారి, ఆమె యాసను వెక్కిరిస్తాడు. రెండోవాడు గడియారాలు బాగుచేసేవాడు, ప్రతి శనివారం మూడు మైళ్ళు నడిచి వచ్చి వాళ్ళింటి గోడ గడియారానికి కీ ఇచ్చి పోతాడు, పదకొండేళ్ళు, ఏమీ అడగడు. ఆమె మొదటివాణ్ణి చేసుకుంటుంది, వాడు ఆమెను పిండి పిప్పి చేసి చచ్చిపోతాడు, ఆఖరి అధ్యాయంలో రెండోవాడు గడియారం తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీస్తాను. ఇటు మొదటివాడి గుణాలు, అటు రెండోవాడివి. అటువైపు రాసేటప్పుడు నా చేతిరాత ఎప్పుడూ కాస్త గుండ్రంగా వస్తుంది, ఓర్పు, నిలకడ, మౌనం. ఆ నోట్సు ఎంత మంది పిల్లలు మక్కికి మక్కి రాసి మార్కులు తెచ్చుకున్నారో. రాసేటప్పుడు నా కళ్ళకు కనబడేది ఇంగ్లాండు కాదు, నగరిలో మా మామ మగ్గాల షెడ్డు, గోడలకు అంటుకున్న దూది, బనియన్ మీద నూలు పోగులు, లోపలి చప్పుడులో మేం చేతులతో మాట్లాడుకోవడం.

పోయిన నెల భానుప్రియ అని ఆఖరి వరుసలో కూర్చునే పిల్ల లేచి అడిగింది, ఐరాల నుంచి వస్తుంది, నోరెక్కువ, "మేడం, రెండోవాడు నోరు తెరిచి ఎందుకు అడగలేదు?" అని. వాడి సంస్కారం అది అన్నాను. "పదకొండేండ్లు అడగలేదంటే వాడికి ఆమె అక్కర్లేదేమో మేడం, ఊరికే గడియారం కోసం వస్తాండాడేమో" అంది, క్లాసంతా గొల్లుమంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గంట కొట్టేదాకా ఆ పిల్లను నిలబెట్టాను. ఇరవై ఏడేళ్ళలో నేను ఎవరినీ నిలబెట్టింది లేదు, ఇంటికొచ్చాక కూడా మనసులో ఆ పిల్లతో వాదిస్తూనే ఉన్నాను, ఎందుకో అప్పుడు తెలియలేదు.

మూడూ ఇరవై రెండు. లోపలి నుంచి నర్సు వచ్చి ఎవరినో పిలిచింది, మమ్మల్ని కాదు. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ చేతుల్ని చూస్తే నాకు పొట్లాలే గుర్తొస్తాయి. మా వైపు అరవదేశం పక్కనే కాబట్టి ఇలాంటివి తేలనప్పుడు పూలు కట్టి చూస్తారు. ఒక తెల్లపువ్వు, ఒక ఎర్రపువ్వు, రెండిటినీ వేర్వేరుగా కాగితంలో ఒక్కలాగే మడిచి పొట్లాలు కట్టి, అమ్మవారి ముందు పడేస్తారు, ఒకటి తీసి విప్పాలి. ఏ పువ్వు వస్తే ఆ మాట. రెండో పొట్లం విప్పకూడదు, విప్పితే అమ్మవారిని అనుమానించినట్టు. మా అమ్మకు తమ్ముడంటే ప్రాణం, కూతుర్ని తమ్ముడికే ఇవ్వాలని నేను పుట్టినప్పటి నుంచీ అనుకుంటూ ఉంది. అంతలో ఈ తిరుపతి సంబంధం వచ్చి పడింది, అబ్బాయికి తాలూకాఫీసులో ఉద్యోగం, వాళ్ళ నాయన చిన్నబ్బ మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి మాటిచ్చి పోయాడు. అమ్మకు ఇటూ ఆశే, అటూ ఆశే. నన్నడిగింది. నాకు మామే కావాలని నోటిదాకా వచ్చింది, సిగ్గేసి, "నీ ఇష్టం" అన్నాను. మామనడిగింది, ఆయనా "నీ ఇష్టం అక్కా" అన్నాడు. ఇంకేముంది, పూలు. ఎర్రదొస్తే మామ, తెల్లదొస్తే తిరుపతి.

శుక్రవారం పొద్దున. పూజారికి కళ్ళల్లో శుక్లాలు, "నువ్వే కట్టు గుణా, నీ చేతులు తెలివైనవి" అని పూలూ కాగితమూ మామ చేతికిచ్చాడు. మామ స్తంభం పక్కకు తిరిగి కట్టాడు, మగ్గం మీద తెగిన పోగు ముడి వేసినంత చులాగ్గా. నేనే తీశాను, నా చేత్తోనే. విప్పితే తెల్ల నందివర్ధనం. అమ్మ కళ్ళు తుడుచుకుని చెంపలేసుకుంది. ఆ రెండో పొట్లాన్ని మామ వంగి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకుని గుడి మెట్లు దిగిపోయాడు. తనకు దక్కని అదృష్టాన్ని గుండెల మీద పెట్టుకుని పోతున్నాడని నాకు అనిపించింది. తర్వాత ఆయన పెళ్ళి చేసుకోలేదు. అక్క కూతురి కోసం అలాగే ఉండిపోయినాడని వీధంతా అనుకుంది, అమ్మా అనుకుంది, నేనైతే చెప్పనే అక్కర్లేదు. మా ఆయన వేలితో పళ్ళెం తోసిన ప్రతిసారీ నేను ఆ జేబు తలచుకున్నాను. నా ఇంగ్లీషును "నగరి మగ్గం సప్పుడు" అని స్నేహితుల ముందు వెక్కిరించినప్పుడు తలచుకున్నాను. ఉద్యోగం చేస్తానంటే, "చెయ్, ఇంట్లో నా ఎదురుగా ఉండేది తగ్గతాది" అన్నప్పుడూ తలచుకున్నాను. ఒక మనిషి ఉన్నాడు, నన్ను కోరుకున్నవాడు, నా వంతు పొట్లం ఆయన దగ్గర ఉంది. ఇంతకంటే ఏం కావాలి, అన్నం మీద ఉప్పు లేకపోయినా ముద్ద దిగింది.

మూడూ ముప్పై ఒకటి. కాగితం చెమటకు మెత్తబడింది. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు, డాక్టరమ్మ అడిగిన మాటకు జవాబు నా దగ్గరుంది, పన్నెండేళ్ళుగా ఉంది. మా మామగారు చిన్నబ్బ పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు మంచంలో ఉన్నాడు. మాట లేదు, కళ్ళు మాత్రం తిరిగేవి. కడగడం, తిప్పడం, పుళ్ళు పడకుండా వీపుకు పౌడరు, అన్నీ నేనే. ఆ ముసలాయనతో నేను మాట్లాడేదాన్ని. ఆ ఇంట్లో నా మాట వినే చెవులు ఆయనవే, లేచి పోలేడు కాబట్టి. కాలేజీలో జరిగినవి, కూరగాయల ధరలు, ఆఖరికి ఆ నవల కూడా తెలుగు చేసి అధ్యాయం తర్వాత అధ్యాయం చెప్పాను, వీపు తుడుస్తూ. ఒకరోజు అలాగే చెబుతున్నాను, నవ్వుతూ కూడా ఉన్నానేమో, వెనక్కి తిరిగితే ఈయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని. చాలాసేపటి నుంచే ఉన్నట్టుంది. నా వంక అసహ్యంగా చూడలేదు, భయంగా చూశాడు, ఆ కళ్ళల్లో భయం నేను చూడడం అదే మొదటిసారి. "నన్నిట్లా ఉంచొద్దు" అన్నాడు. "విన్నావా? నీ చేతికింద పడుండేదాని కన్నా సచ్చేది మేలు. సాక్ష్యానికి మా నాయన ఉండాడు." చిన్నబ్బ కళ్ళు నా వైపోసారి, కొడుకు వైపోసారి తిరిగాయి.

అదీ ఆయన మనసు. ఇంత స్పష్టంగా ఎవరు చెబుతారు. సంతకం పెట్టకుండా ఉంటే ఆయన మాట నిలబెట్టినదాన్నవుతాను, ఎవరూ వేలెత్తి చూపరు. కానీ నాకూ అదే కావాలేమో అన్నది నా భయం. రేపు పొద్దునకల్లా ఆ ఇల్లు ఖాళీ అవుతుంది, నేను గట్టిగా మాట్లాడుకోవచ్చు, రేడియో పెట్టుకోవచ్చు, సెలవుల్లో నగరి పోయి మామ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. ఛీ. ఆఖరి అధ్యాయం ఆశ. యాభై మూడేళ్ళకు, మొగుడు లోపల గొట్టాల మీద ఉండగా. పెట్టకపోతే ఆయన మాట కోసం పెట్టలేదా, నా కుర్చీ కోసం పెట్టలేదా, బతికినన్నాళ్ళు ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వదు. ఎవరైనా నా కోసం తేల్చిపెడితే బాగుండును.

హాలు మూలలో స్వామి పటం ఉంది, కింద పళ్ళెంలో పొద్దున పెట్టిన పూలు, నందివర్ధనాలు, ఎర్ర మందారాలు, కాస్త వాడి. లేచి వెళ్ళి ఒకటీ ఒకటీ తీసుకున్నాను. బ్యాగులో ఉన్న పేపరు రెండు ముక్కలు చించాను. తాయమ్మ కళ్ళప్పగించి చూస్తోంది. అన్నీ మామ ఒళ్ళో పెట్టాను.

"కట్టు మామా" అన్నాను, ఆయనకు వినబడేట్టు. "తెల్లదొస్తే సంతకం పెడతా. ఎర్రదొస్తే పెట్టను. నేనే తీస్తా."

ఆయన పూల వంక చూశాడు. ఒక కాగితం మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. తెల్లపువ్వు వేళ్ళ మధ్య నలిగింది.

"నాచేత గాదు పాపా."

"చెయ్యి వణుకుతోందా?"

"సెయ్యి గాదు." ఆయన తల ఎత్తలేదు. "ఆ పొద్దు రెండు పొట్లాల్లోనూ తెల్లవే పెట్టినాను."

తను మెల్లగానే చెబుతున్నాననుకున్నాడు. గుండ్లు చేయించుకున్నవాళ్ళు ముగ్గురూ తిరిగారు, మందుల కిటికీ దగ్గరి మనిషి తిరిగింది. నేను ఆయన పెదాల వంకే చూస్తున్నాను, షెడ్డులో చప్పుడు మధ్య మాటలు పెదాల మీద చదివినట్టు, తప్పు చదివానేమోనని. ఎందుకు అని అడిగి ఉంటాను. అడిగినట్టు గుర్తు లేదు, ఆయన మాత్రం చెప్పుకుపోయాడు.

"రాఘవమ్మ అని మన సెడ్డులో పని జేసేది. వేరే కులం. మీయమ్మకు తెలిస్తే మందు తాగి సచ్చిపోయుండు. ఎర్రపువ్వు వొచ్చిందంటే నిన్ను నా మెడకు కట్టకుండా ఇడిసిపెట్టదు. తిరుపతాయనకు సర్కారు ఉద్యోగం, నీకు మంచే జరగతాదనుకున్న్యా పాపా, అమ్మవారి సాక్షిగా మంచే జరగతాదనుకున్న్యా."

"ఆమె ఏమైంది?"

"రెండేండ్లకు కామెర్లొచ్చి పోయింది. ఇంక యాడ సేసుకొనేది పెండ్లి." తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, తీశాడు. "సెప్దామనే అనుకున్న్యా ఎన్నోతూర్లు. నువ్వు నన్ను సూసే సూపు ఉండాదే, అది సూసి సెప్పలేకపోయినా."

నా మెడకు కట్టకుండా అన్నాడు. మెడకు. మూడూ నలభై నాలుగు. తాయమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆయన జేబు మీద చెయ్యి ఎందుకు పెట్టుకున్నాడో ఇప్పుడు తెలిసింది, ఎవరూ విప్పకూడదని. మెట్లు అంత తొందరగా దిగింది దుఃఖంతో కాదు, దిగి మలుపు తిరిగాక దాన్ని కాలవలో పారేసి ఉంటాడు, ఊపిరి పీల్చుకుని షెడ్డుకు పోయి ఉంటాడు, అక్కడ ఒక మనిషి తెగిన పోగులు అతుకుతూ ఎదురు చూస్తూ ఉండి ఉంటుంది. వాళ్ళిద్దరూ ఆ చప్పుడులో చేతులతో ఏం మాట్లాడుకున్నారో. నేను ఆ షెడ్డుకు ఎన్నిసార్లు పోయాను, ఆమెను చూసే ఉంటాను, మంచినీళ్ళిచ్చిందేమో కూడా, ముఖం గుర్తు రావడం లేదు. నవల్లో అలాంటి మనిషి లేదు. గడియారాలవాడి దుకాణంలో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఇరవై ఏడేళ్ళలో నేను అడగలేదు, ఆఖరి వరుస పిల్ల అడిగితే నిలబెట్టాను. మామ మీద కోపం రావాలి. వస్తుంది, ఇప్పుడు కాకపోతే రేపు. ఇప్పుడు సిగ్గేస్తోంది. ముప్పై ఒక్కేళ్ళు ఒక ఖాళీ జేబును తలచుకుని అన్నం తిన్నాను, ఆయనకు అది తెలుసు, తెలిసి పండక్కి చీర తెచ్చేవాడు, జాలిపడి. ఆ చీరలన్నీ అట్టపెట్టెలో మడత విప్పకుండా దాచుకున్నాను, రేపెప్పుడో కట్టుకుందామని.

బోర్డు మీద గీత చెరిగిపోయింది. అటువైపు ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు. ఉన్నది ఒక్కడే, లోపల, నోట్లో గొట్టంతో. నచ్చలేదని మూడో రోజే ముఖం మీద చెప్పినవాడు. నన్ను ప్రేమగా చూసినవాళ్ళంతా, అమ్మ, మామ, అమ్మవారు కూడా, కలిసి నన్ను మోసం చేశారు, నన్ను రాచి రంపాన పెట్టినవాడు మాత్రం ఒక్క అబద్ధం ఆడలేదు. ఇందులో మంచివాడెవరో, చెడ్డవాడెవరో రెండు మార్కుల ప్రశ్నగా ఇస్తే నేనే ఫెయిలవుతాను. ఆయన మంచివాడని కాదు. ఆ ఎనిమిది నెలలు నేను మర్చిపోలేదు. వెనకగదిలో చిన్నబ్బ మంచం ఇంకా ఉంది, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామంటే ఈయనే వద్దన్నాడు. దాన్ని కిటికీ పక్కకు జరపాలి. పౌడరు, రబ్బరు షీటు, గిన్నెలో చెంచా. చట్నీలో ఉప్పు నా ఇష్టం. వీపు తిప్పి తుడుస్తూ చెబుతాను, ఏ వేలూ పళ్ళెం తోయదు, ఎడమ చెయ్యి వస్తే అప్పుడు చూసుకుందాం. పరీక్ష కాగితం బీరువాలోంచి తీసి చదివి వినిపిస్తాను. రాఘవమ్మ సంగతి చెబుతాను, పూల సంగతి చెబుతాను, ఎనిమిది నెలల్లో నేను లోపల్లోపల అనుకున్నవన్నీ వరసగా చెబుతాను, చాలా ఉన్నాయి, ఏళ్ళు పడుతుంది. నగరి మగ్గం సప్పుడు. వింటాడు. ఇది ప్రేమ కాదని నాకు తెలుసు, జాలి కూడా కాదు. ఒకసారి పువ్వు చెప్పిందని ఈ మనిషిని చేసుకున్నాను, ఈసారి ఎవరూ చెప్పడం లేదు.

మామ ఒళ్ళోంచి కాగితం ముక్కలు తీసుకున్నాను. మందారం కింద పడింది, తాయమ్మ ఏరి కళ్ళకద్దుకుంది.

"నాలుగున్నరకు నగరి బస్సుండాది, పో మామా" అన్నాను.

"నిన్నిట్లా ఇడిసిపెట్టి యాడికి పోయేది పాపా."

"పో" అన్నాను, పెదాలు మాత్రం కదిపి, చప్పుడు లేకుండా. ఆయనకు అర్థమైంది. తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు గానీ కుర్చీలోంచి లేవలేదు, డబ్బా మూత తీయడం, పెట్టడం, తీయడం.

తలుపు తెరుచుకుంది. "బాలాజీ గారి తాలూకు ఎవరు?" అని వాచ్‌మన్ కేకేశాడు, వెనకే డాక్టరమ్మ వచ్చింది, నాలుగుకు ఐదు నిమిషాలుంది. నా పక్కన నిలబడి, కాగితం మీద ఖాళీగా ఉన్న గీత చూసి, మెల్లగా అడిగింది, "ఆలోచించుకున్నారా అమ్మా? మంచానపడి బతకడం కొందరు ఒప్పుకోరు. వద్దని ఆయన ఎప్పుడైనా అన్నారా?"

తలుపు సందులోంచి లోపలి మంచాల వరస కనబడుతోంది, ఆయన ఏదో తెలియడం లేదు, అన్ని కాళ్ళూ ఒకేలా ఉన్నాయి, దుప్పట్ల కింద.

"లేదమ్మా" అన్నాను. "ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేదు."

ఆ పిల్ల జేబులోంచి పెన్ను తీసిచ్చింది. పేరు దగ్గర లోకేశ్వరి అని, రోగికి ఏమవుతారు అన్నచోట భార్య అని రాశాను, గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టే.